శాస్త్రి గారి చోటు

ఛీ, మళ్ళీ అదే కంపు!

జీపు వెనక బల్ల మీద కూర్చుంటూనే గౌరీశంకర శాస్త్రి ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. ఒకపక్క పెట్రోలు వాసన. దాన్ని మించి రొయ్యపొట్టు వాసన. పోయిన వేసవిలో ఈ బండిలో రొయ్యపొట్టు బస్తాలు తోలేరట. ఎన్ని బిందెలు పోసి కడిగినా ఆ రోత బల్ల సందుల్లోంచి వదల్లేదు.

వేదం చదివిన వంశం. ఇంట్లో ఉల్లిపాయ కూడా అడుగుపెట్టదు. అలాంటివాడికి ఈ బల్లా! తిరిగొచ్చి కాలవలో మూడు మునకలు వేస్తే గాని భార్య బాలాత్రిపురసుందరి గుమ్మం తొక్కనివ్వదు.

మరెందుకెక్కడం అంటే, ఉద్యోగం కోసం. హైస్కూల్లో తెలుగు పండితుడి పోస్టు ఖాళీగా ఉంది. స్కూలు కమిటీకి ప్రెసిడెంటు బాపిరాజు గారు. జీపూ ఆయనదే.

అసలు అది జీపేనా? మిలటరీవాళ్ళు వేలం వేసి వదిలించుకున్న పీడ. స్టీరింగు పావు చుట్టు తిప్పేదాకా చక్రాలకి కబురే అందదు. మూడో గేరు జారిపోకుండా డ్రైవరు జోజి ఎడం చేత్తో అదిమి పట్టుకోవాలి. బ్రేకు మూడుసార్లు తొక్కితే ఒకసారి పడుతుంది. ముందు చక్రాల లాగుడు ఎప్పుడో చచ్చింది, వెనక రెండే ఈడ్చాలి. మలుపు తిరిగితే హారన్ దానంతటదే మోగుతుంది.

పోనీ, ఎక్కడైనా చెడి ఆగుతుందా? ఆగదు! కాలవ గట్టు మీద జిగురుమట్టిలో ఎడ్లబళ్ళు ఇరుసుదాకా దిగబడిపోతుంటే, ఈ దరిద్రం మాత్రం బురద చిమ్ముకుంటూ లంక తోటలదాకా వెళ్ళి వస్తుంది. శాస్త్రి ఏడుపంతా అదే. ఒక్కరోజైనా మూలపడితే మునకలు తప్పేవి.

ఊరు మాత్రం ముక్కున వేలేసుకుంది. ఒంటి బ్రాహ్మడు ఎదురొస్తే ప్రయాణం ఆపి, ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి కూర్చునే రాజుగారు, ఏరి కోరి ఒంటి బ్రాహ్మణ్ణి బండెక్కించుకోవడమా! పాండిత్యానికి మర్యాద అంటే అదీ, అన్నాడు శాస్త్రి భార్యతో.

నిజంగానే మర్యాదకి లోటులేదు. చినుకు పడితే చాలు, తెల్లారేసరికి జోజి గుమ్మంలో ఉంటాడు. వానపూట పెద్దవాళ్ళకి నాలుగు పద్యాలు వినాలనిపిస్తుంది కాబోలు అనుకున్నాడు శాస్త్రి. ఏ తోటలో భోజనానికి దిగినా రాజుగారు దగ్గరుండి ఆయనకి మారు వడ్డించమంటారు. ఆత్రేయపురం మీదుగా వస్తే పూతరేకులు పొట్లం కట్టిస్తారు. అసలే భారీ మనిషి, ఆ వానాకాలం ఇంకొంచెం ఒళ్ళు చేశాడు.

ఒకసారి రాజుగారు రాలేదు. ముందు సీటు ఖాళీ. శాస్త్రి అటు ఎక్కబోతే జోజి అడ్డం వచ్చాడు. మీ చోటు వెనకేనండి, రాజుగారు గట్టిగా చెప్పేరండి అన్నాడు. కలెక్టరంతటివాడు కూడా కారులో వెనకే కూర్చుంటాడు కదా అని శాస్త్రి సర్దుకున్నాడు.

ఇంకోసారి మూడు రోజులు జ్వరం వచ్చింది. వీధిలో పోతున్న జీపుని చూసొచ్చి భార్య చెప్పింది. శాస్త్రి మంచం మీదే లేచి కూర్చున్నాడు.

"చూశావుటే! నా చోట కొబ్బరికాయల బస్తాలు వేసుకెళ్ళేరు గాని, ఇంకో మనిషిని కూర్చోనివ్వలేదు."

ఈవేళ దిగేటప్పుడు రాజుగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు.

"రేపు కమిటీ మీటింగండి శాస్త్రి గారూ. పండితుడి పోస్టు తేల్చేద్దారండి. కొత్త జీపు కూడా రేపే వత్తందండి."

ఆ సాయంత్రం శాస్త్రి ఆఖరిసారి అనుకుని మునకలు వేశాడు.

మర్నాడు పొద్దున్నుంచీ వానే. శాస్త్రి పట్టుపంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. తొమ్మిదైంది. జోజి రాలేదు. ఇంతలో వీధి మొదట్లో కొత్త జీపు కనబడింది. బురదని వెన్నలా కోసుకుంటూ వస్తోంది. హారన్ తనంతట తను మోగడంలేదు. కంపు అసలే లేదు. ఇల్లు దాటిపోతుందేమోనని శాస్త్రి గబగబా రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి ఊపాడు.

బ్రేకు ఒక్క తొక్కుకే పడింది.

లోపల రాజుగారి మొహం రొయ్యపొట్టు వాసన తగిలినట్టు ముడుచుకుపోయింది. "ఛీ, ఒంటి బ్రాహ్మడు ఎదురు. ఇవాళ మీటింగూ లేదు, ఏమీ లేదు. ఇంటికి తిప్పరా" అన్నారు.

ఎవరా బ్రాహ్మడు అని శాస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

బండి తిప్పుతూ జోజి తల బయటపెట్టి, పాపం, మెల్లిగా అన్నాడు:

"కొత్తదానికి ముందు చక్రాలు కూడా లాగుతాయండి శాస్త్రులుగారూ, జారిపోకుండా వెనకాల బరువెయ్యక్కర్లేదండి."