నీలం చెప్పులు

మధ్యాహ్నం పన్నెండున్నరకు రాఘవయ్య ఆటో దిగి పెరట్లోకి పరిగెత్తేసరికి బాత్రూం తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది.

"ఎవురది? తొందరగా రండమ్మా!"

జవాబు లేదు. లోపల కుళాయి పారుతోంది.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు వెనక సందులో ఉందా ఇల్లు. నాలుగు పోర్షన్లకూ అదొక్కటే బాత్రూం. లోపలికి పోయేవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడుస్తారు. చెప్పుల్ని బట్టి లోపలున్నది ఎవరో మిగతావాళ్లు పోల్చుకుంటారు. ఎవరూ తలుపు కొట్టరు. ఇప్పుడు బయటున్నవి నీలం హవాయి చెప్పులు. అవి రాఘవయ్యవే. పొద్దున ఆసుపత్రికి బూట్లు వేసుకుని పోయాడు. హడావిడిలో వీటిని తనే ఇక్కడ వదిలేశాననుకున్నాడు.

ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. మూత్రం వచ్చిందంటే ఆగదు. మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కిపెట్టి తలుపు మీద బాదాడు.

లోపల ఎవరో చెంబుతో బకెట్ మీద టకటకా కొట్టారు.

"ఏంది బాబాయ్, ఇల్లు కూలదోస్తావా?" పక్క పోర్షన్‌లోంచి మెకానిక్ వాజిద్ ఎంగిలి చేత్తోనే వచ్చాడు. గుమ్మం ముందు చూశాడు. "నీ చెప్పులేగా? అంటే లోపలుంది నువ్వే. ఇంకెవురిని పిలుస్తన్నావ్?"

"ఒరేయ్, ఎకసెక్కాలాడమాక. లోపల మీ గౌసియా ఉందేమో చూడు."

"నేనిక్కడున్నానయ్యా," వాజిద్ వెనక నుంచి అతని భార్య గౌసియా అంది.

చివరి పోర్షన్‌లో మొగుడితో ఉండే చిన్నారి కూడా వచ్చింది. ఆమె కాళ్లకున్నవి రాఘవయ్య భార్య అంకమ్మ చెప్పులు. అంకమ్మ మంచాన పడ్డాక, ఇంక వీటితో పనేముందని రాఘవయ్యే ఇచ్చేశాడు.

"మాయన డ్యూటీకి పోయాడు బాబాయ్. మా ఇంట్లో నేనే. ఇంతకీ డాక్టరేమన్నాడు?"

"ఇప్పుడా అడిగేది?" రాఘవయ్య పళ్లు బిగించాడు. "కరెంటు పెట్టాలంట, అదే రేడియేషన్. నెలన్నర పాటు రోజూ గుంటూరు పోయి రావాలంట. ఆలస్యం చేస్తే ఎముకల్లోకి పాకుద్దంట."

"పోతావుగా మరి?"

"ఎట్ట పోతా? పొద్దున పోతే సాయంత్రం దాకా రాను. మధ్యాహ్నం మీ పిన్నిని బాత్రూంకి ఎవురు తీసకపోతారు?"

పక్షవాతంతో అంకమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. రాఘవయ్యే ఆమెను లేపి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకుపోతాడు. గౌసియా పట్టుకోబోతే మంచం కోడు వదలదు. డైపర్ కడితే ఎడమ చేత్తో లాగి పారేస్తుంది. అందుకే వైద్యానికి రాలేనని రాఘవయ్య డాక్టరుకు చెప్పేశాడు. సాయంత్రం దాకా ఆలోచించుకొని ఫోన్ చెయ్యమన్నాడు డాక్టరు.

ఇంటి యజమాని హనుమంతరావు కర్ర పొడుచుకుంటూ వచ్చి అందరినీ ఒకసారి చూశాడు.

"మా ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నా. మీరంతా ఇక్కడే ఉన్నారు. మరి లోపలెవురయ్యా?"

అందరూ తలుపు వైపు తిరిగారు.

"మొన్న పక్క సందులో నీళ్ల మోటారు ఎత్తకపోయినోడు ఇంకా దొరకలేదు," గౌసియా గొంతు తగ్గించింది.

వాజిద్ తన ఇంట్లోకి పరిగెత్తి పెద్ద పానా పట్టుకొచ్చాడు. చిన్నారి పోయి వీధి గేటుకు తాళం వేసింది. హనుమంతరావు కర్రను తిరగేసి పట్టుకున్నాడు.

"మోటారు దొంగ కుళాయి ఇప్పుకొని కూర్చుంటాడా?" అంది చిన్నారి.

"కుళాయే ఊడదీస్తన్నాడేమో!" అన్నాడు వాజిద్. "ఒరేయ్, బయటికి రారా! గేటుకు తాళమేశాం!"

మళ్లీ చెంబు చప్పుడు. ఈసారి గట్టిగా.

"చూశావా, బెదిరిస్తన్నాడు!"

"దొంగైతే ఏంది, ముందు రానియ్యండ్రా!" రాఘవయ్య ఒంటికాలి మీద గెంతాడు. "నేను లోపలికి పోయొచ్చిందాకా వాణ్ణి ఎవురూ కొట్టమాకండి. నాకు అడ్డం పడ్డారంటే చెబుతున్నా!"

గౌసియాకు నవ్వాగలేదు. చిన్నారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు రాఘవయ్యకు అంకమ్మ గుర్తొచ్చింది. ఈ కేకలు విని ఎంత హడలిపోయిందోనని తన పోర్షన్ వైపు తిరిగి అరిచాడు. "ఏమే! ఎవుడో దొంగోడంట! నువ్వేం భయపడమాక, నేనిక్కడే ఉన్నా!"

బాత్రూంలో కుళాయి కట్టేసిన చప్పుడైంది.

అందరూ వెనక్కి జరిగారు. వాజిద్ పానా ఎత్తాడు. గడియ కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. తలుపు మెల్లగా లోపలికి తెరుచుకుంది.

ఎడమ చేత్తో గోడ పట్టుకొని, నీలం చెప్పుల కోసం కుడి కాలు ఈడుస్తూ అంకమ్మ నిలబడి ఉంది.