రాయి కాని గోరు

కళ్లజోడు పెట్టుకుంటే చాలు, ప్రతి వస్తువు పేరూ వయసూ అదే చెప్పేసే రోజులవి. సరస్సును పూడ్చేముందు అడుగు ఒండ్రును జల్లెడ పట్టి, అందులోని చిట్టి పీతగోళ్ల శిలాజాలను గుర్తించడం సూరమ్మ పని.

"పదివేల ఏళ్ల నాటిది. ఈ జాతి అంతరించింది," అంది కళ్లజోడు, మరో గోటిని చూసి.

ఆ గోరు రాయిలా బరువుగా లేదు. సూరమ్మ అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకుంది. గుప్పున నీచు వాసన! ఆమె పక్కనే మట్టి లారీలను పురమాయిస్తున్న ఇంజనీరు వైపు తిరిగింది.

"లారీలు ఆపండి బాబూ! ఇది చచ్చి రెండ్రోజులైనా అవలేదు!"

"కళ్లజోడు తప్పు చెప్పదు కదమ్మా," అని నవ్వాడు ఇంజనీరు.

"దానికి ముక్కెక్కడిదండీ? మీరు వాసన చూడండి."

చూశాడు. పాలిపోయిన ముఖంతో పరుగెత్తి లారీలకు అడ్డం నిలబడ్డాడు. అప్పటికే బురదలో దిగి వెతుకుతున్న సూరమ్మ కెవ్వుమంది. పైకెత్తిన ఆమె వేలికి బొట్టుబిళ్లంత పీత, పట్టు వదలకుండా వేలాడుతోంది.