అట్ట చాటు సేనాపతి

“ముందు ఆ అట్ట తీసెయ్యండి,” అన్నాడు పళ్ల డాక్టరు, టేబుల్ మీద చరిచి. “పాచికలు అందరి కళ్ల ముందూ పడాలి.”

అట్ట వెనక కూర్చున్న లైబ్రేరియన్ చెయ్యి ఆగిపోయింది. ఆదివారం ఆటలో కథ నడిపే గేమ్ మాస్టర్ అతనే. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్ర పట్టుకుని ఆ కథలో తిరుగుతారు. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరు చచ్చారో అతను అట్ట చాటున పాచిక వేసి చెబుతాడు.

“ఇప్పుడేమైందండీ?” అన్నాడు లైబ్రేరియన్.

“ఏమైందా? మీ బావమరిది గారి దొంగకి మాయ ఉంగరం దొరికింది. నా సేనాపతికి దొరికిందేంటి? తుప్పు పట్టిన డాలు! బంధుప్రీతికీ ఓ హద్దుండాలి.”

“బండ కింద వెతికాను కాబట్టి దొరికిందండీ,” అన్నాడు బావమరిది. “మీరూ వెతకొచ్చుగా.”

“సేనాపతులు బండల కింద వెతకరు.”

మందుల షాపావిడ నవ్వు ఆపుకుంటూ కాగితం మీద కొత్త పాత్ర పేరు రాసుకుంటోంది. ఆమె పాత్రలు ఇప్పటికి ఐదు పోయాయి. బావమరిదివి మూడు. డాక్టరు గారి సేనాపతి ఒంటి మీద మాత్రం మూడేళ్లలో గీత కూడా పడలేదు. అదంతా తన తెలివేనని ఆయన గట్టి నమ్మకం. క్లినిక్‌లో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంట్లకు సేనాపతి విజయాలన్నీ వినిపిస్తుంటాడు. వాళ్లెలాగూ కాదనలేరు.

ఆట జరిగేది ఆ క్లినిక్ వెయిటింగ్ హాల్లోనే. ఆట మొదలుపెట్టిన రోజుల్లో తక్కిన వాళ్ల ఇళ్లలో ఆట మ్యాపు మడతలు విప్పేంత బల్ల లేదు. ఆ సంగతి డాక్టరు వారం వారం గుర్తు చేస్తాడు. ఇప్పుడూ చేశాడు.

“నా టేబుల్ మీద అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకోను.”

లైబ్రేరియన్ బావమరిది వైపు చూశాడు. బావమరిది తలూపాడు.

“మీ ఇష్టమండీ,” అంటూ లైబ్రేరియన్ అట్ట మడిచి సంచిలో పడేశాడు.

ఇంత తేలిగ్గా దారికొస్తాడని డాక్టరు అనుకోలేదు. ఆ ఊపులో సేనాపతిని తిన్నగా రాక్షసుడి గుహలోకి నడిపించాడు.

“ఒక్కరే వెళ్తారా? తోడు రమ్మంటారా?” అడిగింది మందుల షాపావిడ.

“ఎందుకు, దారిలోనే చావడానికా? అక్కర్లేదు.”

“పన్నెండు దాటితే మీ సేనాపతి పోయినట్టే,” అని లైబ్రేరియన్ ఇరవై ముఖాల పాచిక విసిరాడు. అది దొర్లుకుంటూ వచ్చి డాక్టరు మోచేతి దగ్గర ఆగింది. పంతొమ్మిది.

“మళ్లీ వెయ్యండి!”

“అందరూ చూశారు కదండీ.”

డాక్టరు మొహం మాడిపోయింది. “ఇది కుట్ర! మూడేళ్లలో నా సేనాపతి ఒక్కసారి కూడా చావలేదు!”

“చచ్చాడండీ, పద్నాలుగు సార్లు. అట్ట చాటున నేనే బతికిస్తూ వచ్చాను.”

డాక్టరు తన పేషెంట్లలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మందుల షాపావిడ ఈసారి నవ్వు ఆపుకోలేదు.

“అయితే... ఆ అట్ట మళ్లీ పెట్టండి,” అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. “ఇవాళ కూడా బతికించండి.”

లైబ్రేరియన్ మ్యాపు మడిచి చంకన పెట్టుకున్నాడు.

“ఇక ఆ అవసరం లేదండీ. నిన్ననే మా బావమరిది పెద్ద టేబుల్ కొన్నాడు.”