నిద్రపోయిన జడ్జి

తెర మీద పేర్లు పూర్తయ్యాయో లేదో, మూడో వరుస చివరి కుర్చీలో మనిషి కళ్ళు మూసుకున్నాడు.

ప్రొజెక్టర్ గది పక్క అద్దంలోంచి ఏటవాలుగా చూస్తున్న సౌండ్ ఇంజనీరు కంట అది పడింది.

ఆ బుల్లి థియేటర్లో ఉన్నది తొమ్మిదిమందే. తొమ్మిదిమందీ విమర్శకుల సంఘం అవార్డులకు జడ్జీలు. ఉత్తమ శబ్దం విభాగంలో ఆఖరికి రెండు సినిమాలు మిగిలాయి. ఒకటి నిన్న చూసేశారు. రెండోది ఇతనిది. శబ్దం సరిచూసుకోవడానికని ఇతన్ని పై గదిలోకి రానిచ్చారు గానీ, జడ్జీలతో మాట్లాడకూడదని షరతు పెట్టారు.

"ఎవరాయన?" అని ఆపరేటర్ని అడిగాడు.

"కొత్తాయన సార్. ఈ ఏడే సంఘం వాళ్ళు బయటినుంచి పిలిపించారు. ఏ పత్రికో కూడా తెలీదు."

"నిద్రపోతున్నాడా?"

"ఈ ఏసీకి నాకే కునుకొస్తోంది. ఆయన్నేం అంటాం?"

సౌండ్ ఇంజనీరుకు నవ్వు రాలేదు. పందొమ్మిదేళ్ళలో మూడుసార్లు ఈ అవార్డు అంచుదాకా వచ్చి ఉత్త చేతులతో ఇంటికెళ్ళాడు. ఇది నాలుగోసారి. ఐదోసారి ఉండదని అతనొక్కడికే తెలుసు. ఏడాదిగా కుడి చెవి మొరాయిస్తోంది. పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. నెలరోజులు స్టూడియోలో దీపాలార్పేసి, ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకుని ఈ సినిమా పూర్తి చేశాడు.

గంట గడిచింది. ఆ మనిషి కళ్ళు తెరవలేదు. తల ఒకసారి ఈ భుజం మీదికీ, ఇంకోసారి ఆ భుజం మీదికీ వాలుతోంది.

"చెయ్యి చూడండి సార్. నిద్రలో మోకాలు గోక్కుంటున్నాడు," అన్నాడు ఆపరేటర్.

తల్లి పోయే సీను వచ్చింది. సినిమా మొదటినుంచీ ఆ ఇంట్లో కారుతున్న కుళాయి, ఆమె ఊపిరితో పాటే ఆగిపోతుంది. మాటల్లేవు, సంగీతం లేదు. ఆ నిశ్శబ్దం కుదరడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది.

ఎనిమిదిమంది కళ్ళప్పగించి చూశారు. తొమ్మిదో మనిషి తల పూర్తిగా పక్కకి వాల్చేశాడు.

సౌండ్ ఇంజనీరుకు ఒళ్ళు మండిపోయింది. షో అవగానే ఆపరేటర్ని వెంటబెట్టుకుని సంఘం కార్యదర్శి గదికి వెళ్ళాడు.

"సినిమా పూర్తిగా చూడని జడ్జి ఓటు చెల్లదని మీ రూలే కదండీ?"

"అవును. ఏమైంది?"

"మీ జడ్జి ఒకాయన రెండు గంటలూ నిద్రపోయారు."

కార్యదర్శి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆలోచించుకోండి. ఒకసారి రాసిచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఉండదు."

అయినా ఫిర్యాదు రాసిచ్చాడు. ఆపరేటర్ నసుగుతూనే సాక్షి సంతకం పెట్టాడు.

మర్నాడు కార్యదర్శి ఫోన్ చేశాడు.

"కళ్ళు మూసుకున్నది నిజమేనని ఒప్పుకున్నారండీ."

"ఎందుకు మూసుకున్నారట?"

"అది చెబితే నా ఓటు ఎవరికో చెప్పినట్టే అవుతుంది, ఫలితాలదాకా జడ్జి నోరు విప్పకూడదు కదా అన్నారు. బ్యాడ్జీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు."

"పీడా పోయింది," అన్నాడు సౌండ్ ఇంజనీరు ఫోన్ పెట్టేశాక.

అవార్డుల సభలో భార్య పక్కన కూర్చున్నాడు. వేదిక మీద కవరు చింపారు. పేరు చదివారు. హాలంతా చప్పట్లు.

అతనికి పేరు సరిగా వినపడలేదు. భార్య మొహంలోకి చూశాడు. అక్కడ తెలిసింది.

బయటి వరండాలో కార్యదర్శి కలిశాడు.

"చెరి నాలుగు ఓట్లు వచ్చాయండీ. సమానమైతే సంఘం అధ్యక్షుడిదే చివరి మాట. ఆయన అటు మొగ్గారు." తర్వాత ఒక కవరు అందించాడు. "జడ్జీలు రాసుకున్న కాగితాలు. గెలిచినా ఓడినా ఇవ్వడం మా ఆనవాయితీ. తొమ్మిదోది లెక్కలోకి రాలేదు, అయినా మీ సినిమా గురించే కదా అని అదీ పెట్టాను."

అతను ముందు ఆ తొమ్మిదోదే తీశాడు. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మోకాలి మీద పెట్టుకుని, చూడకుండా రాసినట్టుంది.

'ఈ సినిమా టికెట్ కొనుక్కుని రెండుసార్లు చూశాను. బొమ్మ ఉంటే చెవి బద్ధకిస్తుంది. అందుకే ఈసారి వినడానికే వచ్చాను. కుళాయి ఆగినచోట నా ఊపిరీ ఆగింది. రెండో సగంలో కుడివైపు శబ్దం వెంట్రుకవాసి ఎక్కువ. మరొకరికి తెలీదు. ఈ పని చేసిన మనిషికి కుడి చెవి తగ్గుతున్నట్టుంది. పాపం, ఇంట్లో కూడా చెప్పుకోలేదేమో. నా ఓటు ఇతనికే.'

భుజం మీదుగా చదువుతున్న భార్య చెయ్యి అతని చేతిని పట్టుకుంది.

"కుడి చెవి ఏమిటండీ? ఎప్పటినుంచి?"

అతని కళ్ళు కాగితం చివరికి జారాయి.

మిగతా జడ్జీలంతా సంతకం కింద తమ పత్రిక పేరు రాసుకునే చోట, ఆయన వంకర అక్షరాలతో రాసుకున్నాడు: 'ఇరవై రెండేళ్ళ కిందట కుడి చెవి పోయి పని మానేసిన సౌండ్ ఇంజనీరు.'