ఒర్రె మూల పిట్ట

గడ్డిలో బోర్లా పడుకున్న మనిషిని ముందుగా చూసింది దేవప్ప గొర్రెలే. బెదిరి వెనక్కి తిరిగాయి.

దేవప్ప కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎవల్నువ్వు? గిక్కడేం జేస్తున్నవ్?"

ఆ మనిషి లేచి కూర్చున్నాడు. యాభై ఏళ్లుంటాయి. మోకాళ్లకు బురద, చేతిలో నోటుపుస్తకం, సుతిలి తాడుతో మెడకు కట్టుకున్న పాత దుర్బీన్.

"నా పేరు స్తెఫను. పిట్టల్ని చూస్తున్న, పెద్దయ్యా."

"పిట్టల్ని చూసుడు గూడ ఓ పనేనా?"

స్తెఫను నవ్వాడు. దేవప్ప నవ్వలేదు.

"గా ఎర్ర గొర్రె కుంటుతున్నది. గిట్టల సందుల పుండయినట్టుంది, చూసుకో."

గొర్రెల్ని కూడా లెక్కబెడుతున్నాడు వీడు, అనుకున్నాడు దేవప్ప.

కంగ్టి అవతలున్న దేవప్ప ఊరికి మిగిలింది ఈ అరవై ఎకరాల గైరానే. ఎవరి పేరు మీదా లేని మేత బీడు. ఊరి గొర్రెలు దాన్ని నమ్ముకున్నాయి, మనుషులు గొర్రెల్ని నమ్ముకున్నారు. ఎండతో కరెంటు తీసే కంపెనీ ఏదో దాని మీద కన్నేసిందని ఊళ్లో పుకారు.

"పెద్దయ్యా, గడ్డిలకెళ్లి నిలువెత్తు ఎగిరి, మల్ల ఆడనే దిగే పిట్ట ఉంటది. నల్లగుంటది, తల ఎనక సన్నటి ఈకలు. నేల నెమలి అంటరు. ఎప్పుడన్న చూసినవా?"

దేవప్పకు ఆ పిట్ట తెలుసు.

ఆ పొద్దున్నే చూశాడు, వాన నీళ్లు పారే ఒర్రె పక్క మూలలో. వానాకాలమొస్తే చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. అది ఎగిరే రోజుల్లో తండ్రి ఆ మూలకు గొర్రెల్ని తోలనిచ్చేవాడు కాదు. తండ్రి పోయినా దేవప్ప ఆ కట్టు తప్పలేదు.

కానీ రెండేళ్ల కిందట ఇలాగే ఒకడు వచ్చి, బోరేస్తే నీళ్లెక్కడ పడతాయని అడిగాడు. దేవప్పే వెంటబెట్టుకెళ్లి చూపించాడు. ఆరు నెలలు తిరక్కుండా అవతలి బీడుకు కంచె పడింది. ఆ సంగతెత్తితే ఇప్పటికీ ఆయన తలెత్తలేడు.

"లేదు. గసొంటి పిట్ట గీడ లేదు."

సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర వార్డు మెంబరు ఉమారాణి తేల్చేసింది.

"పిట్ట లేదు, గిట్ట లేదు. గా దుర్బీన్‌తోని భూమి కొలుస్తుండు. ఏమడిగినా ఎరుక లేదనుండ్రి."

ఎన్నికలప్పుడు కూడా ఆ ఊరు అంత ఒక్కమాట మీద నిలబడలేదు.

మూడు రోజులు స్తెఫను ఇల్లిల్లూ తిరిగాడు. హన్మమ్మ అయితే తన ఎనభై ఏళ్లలో అసలు పిట్టనే చూడలేదంది. అప్పుడు ఆమె ఇంటి చూరులో పిచ్చుకలు గోల చేస్తూనే ఉన్నాయి. అతనికి మంచినీళ్లిచ్చిన వాళ్లు కూడా లేరు.

దేవప్ప ఇంకో అడుగు ముందుకేశాడు. బుద్ధెరిగాక మొదటిసారి గొర్రెల్ని ఒర్రె మూలకు తోలాడు. పిట్ట కనబడితే కదా వాడు రాసుకునేది! ఆ మూడు రోజులూ ఆయనకు అన్నం సయించలేదు.

నాలుగో రోజు ముసురు తెరిపిచ్చాక స్తెఫను మళ్లీ వచ్చాడు. ఒళ్లంతా తడిసి ఉంది.

"పోయినేడు బస్సుల పోతుంటే ఒక్కపారి కనబడ్డది, పెద్దయ్యా. ఫొటో తీసేలోపల బస్సు దాటిపాయె. నువ్వు చూసిన్నని ఒక్కమాట చెప్పు, నేను రాసుకుంట. కింద నీ వేలిముద్ర చాలు. అది ఉన్నదని తేలితే గీ భూమి..."

వేలిముద్ర. భూమి. ఆ రెండు మాటలు విన్నాక దేవప్ప చెవికి ఇంకేమీ ఎక్కలేదు.

"నడువ్! మల్ల గీడ కనబడ్డవంటే కాళ్లిరుగుతయ్!"

స్తెఫను నోటుపుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని రోడ్డు వైపు నడిచాడు.

అప్పుడే అతని వెనక గడ్డిలో నుంచి నల్లటి పిట్ట ఎగిరింది. రెక్కలు టపటపలాడించి, ఒక్క క్షణం గాలిలో నిలిచి, దిగింది. మళ్లీ ఎగిరింది.

స్తెఫను ఆగాడు. వెనక్కి తిరగబోయాడు.

దేవప్ప కర్రతో నేలను బాది, గొర్రెల్ని గట్టిగా అదిలించాడు. చప్పుడు గొర్రెలదే అనుకున్నాడేమో, స్తెఫను తిరగకుండానే వెళ్లిపోయాడు.

ఊరిని కాపాడానన్న సంతోషంతో ఆ పూట దేవప్ప కడుపునిండా తిన్నాడు.

దసరా అయిన వారానికి గైరాన్‌లో కంపెనీ ఇనుప స్తంభాలు దిగాయి.

ఊరంతా ఆటోలెక్కి నారాయణఖేడ్ రెవెన్యూ ఆఫీసుకు పరుగెత్తింది. గుమాస్తా వాజిద్ ఫైలు విప్పాడు.

"ఇన్నొద్దులు కోర్టు ఆపింది. దసరా ముంగటనే కేసు కొట్టేసిండ్రు."

"ఎవలేసిండ్రు కేసు?" అంది ఉమారాణి.

"ఆడ అరుదైన పిట్ట ఉన్నది, భూమి ఎవలకూ ఇయ్యొద్దని ఒకాయన ఏసిండు. సబూత్ తెమ్మన్నరు. ఫొటో అన్న, చూసినోళ్ల మాట అన్న. ఒక్కటి దొరికినా గైరాన్ మీకే ఉండేది."

దేవప్ప జనంలోంచి ముందుకొచ్చాడు.

"మరి... ఆయనేం జెప్పిండు?"

వాజిద్ చివరి కాగితం తీసి చదివాడు.

"'ఊళ్లో అందరినీ అడిగాను. చూడలేదన్నారు. వాళ్లు అబద్ధమాడే మనుషులు కారు.'"

ఉమారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయనెవలు, సార్?" అన్నాడు దేవప్ప, తెలిసి కూడా.

వాజిద్ సంతకం కింది వరుస మీద వేలు పెట్టి చదివాడు: "స్తెఫను, మనూర్ మండలం. వృత్తి, గొర్రెల కాపరి. మా ఊరి గైరాన్ పోయినందున ప్రస్తుతం గొర్రెలు లేవు."