లోపలికి తీసుకుపోయిన పళ్లెం

నవత రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ఖీమా దట్టంగా కూరి, పెనం మీద పెట్టి గిన్నెతో అదిమింది.

సన్నగా కొట్టించిన మేక మాంసం. ఉల్లిగడ్డ, అల్లం, వెల్లుల్లి వేసి నీళ్లన్నీ ఇంకేదాకా వేయించి, ఉడికిన ఆలుగడ్డ మెదిపి కలిపింది. ఒక్కటి తింటే పూటంతా ఆకలి ఉండదు.

వానాకాలంలో కాలు విరిగి మంచం పట్టిన ఆమె భర్త శంకర్ ఇవాళే మొదటిసారి కర్ర పట్టుకుని బజారుకు నడిచి వెళ్లాడు. వచ్చేసరికి వేడిగా పెట్టాలని ఆమె ఆరాటం.

"బిడ్డా, జర మంచినీళ్లు ఇస్తవా?"

వాకిట్లో ఎవరో పెద్దాయన. మాసిన చొక్కా, భుజాన సంచి.

చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగాడు. వాసనకు కాబోలు, చూపు ఒక్క క్షణం వంటింటి వైపు పోయింది.

"ఏ ఊరు కాకా?"

"కమలాపూర్ అవుతల. పొద్దుగాల బయలెల్లిన."

ఏమీ తిని ఉండడనిపించింది. ఒక ఖీమా బ్రెడ్డు పళ్లెంలో పెట్టి తెచ్చింది.

"కూసో కాకా, తిను."

ఆయన కూర్చోకుండానే అడిగాడు. "మీ ఆయన ఇంట్ల లేడా?"

"లేడు."

"ఎప్పుడొస్తడు? ఒక్కడే నడుస్తుండా?"

నవత చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది. మగమనిషి లేని ఇల్లు చూసుకుని వచ్చే దొంగల గురించి పక్కింటి చిన్నక్క మొన్ననే చెప్పింది.

"గవన్ని నీకెందుకు? నువ్వెవలు?"

ఆయన తడబడ్డాడు. "ఏం లేదు బిడ్డా. మోకాలి కింద ఎముక అతికిందా అని."

ఈ ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ఎముక ఎక్కడ విరిగిందో ఈయనకెట్లా తెలుసు? ఎవరో ఇంటి గుట్టంతా చెప్పి పంపించారనుకుంది.

పళ్లెం తీసుకుని లోపలికి నడిచింది.

"ఆయన మంచిగనే ఉన్నడు. ఇగ నువ్వు పో."

"మంచిగున్నడా?" ఆయన ముఖం విప్పారింది. "గంతే చాలు బిడ్డా."

నవత తలుపు గొళ్లెం పెట్టుకుంది.

శంకర్ వచ్చి, పళ్లెం ముందు కూర్చుని, అంతా విని నమలడం ఆపాడు.

"మోకాలి కింద అన్నడా?"

"అవు. నాకైతే భయమేసింది."

"ఎటు పోయిండు?"

"బస్టాండు దిక్కు."

చెయ్యి కూడా కడుక్కోకుండా కర్ర అందుకున్నాడు. ఎందుకని అడుగుతుండగానే గడప దాటాడు. ఆమె వెంట నడిచింది. కుంటుతున్న మనిషిని అందుకోవడం ఆమెకు కష్టమైంది.

కమలాపూర్ మీదుగా పోయే అహేరి బస్సు వెళ్లిపోయింది. దుమ్ము ఇంకా అణగలేదు.

బస్టాండు ముందు చాయ్ హోటల్ నడిపే బుచ్చన్న వాళ్లను చూసి బయటికి వచ్చాడు.

"గా పెద్దాయన కోసమా? ఉత్త బన్ను తిని ఇప్పుడే బస్సెక్కిండు."

"పేరు చెప్పిండా మామా?" శంకర్ అడిగాడు.

"నేను అడగలె. నీ ఇల్లు ఏడున్నదని అడిగితే తొవ్వ చూపిన."

"ఎందుకొచ్చిండట?" నవత అడిగింది.

"వానాకాలంల వాగుల కొట్టుకపోతుంటె నీ పెనిమిటిని ఒడ్డుకు గుంజింది తనేనట, బతికిండో లేదో ఒక్కపారి కండ్లతోని చూసి పోదామని వచ్చిండట."