నల్ల సున్న

"ఓ అమ్మా, జెర ఈ గోడ చూడు."

దుకాణం తెరిచీ తెరవకముందే ఈ మాట. కాంతమణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

తిరుమలగిరి సందులో ఆమెది టార్చిలైట్లు చేసే చిన్న దుకాణం. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెడుతుంటే, ఈమె సోల్డరింగు కడ్డీ పట్టుకుని కూర్చుంది. మౌలాలి దగ్గర రైలుపెట్టెలు చెక్ చేసే షెడ్డు నుంచి అరవై లైట్ల ఆర్డరు. ఏళ్ల తరబడి అది రాణీగంజ్‌లో లైట్లు చేసే పర్వతాలు అనే ఆయనదే. ఆ పర్వతాలు మొహం ఈమె ఎన్నడూ చూడలేదు. కొత్త రకం ఎల్‌ఈడీతో రెట్టింపు వెలుగిస్తానని ఈమె తన్నుకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే పరీక్ష. పాసైతే ఏడాదంతా పని, లేకుంటే దుకాణానికి తాళం.

అలాంటి రోజున ఎవరో ముసలాయన చెప్పులు విడిచి లోపలికొచ్చి, షట్టరు సగం దించి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు!

"ఏంటండీ ఇది? మొన్ననే సున్నం వేయించాను!"

"తుడుస్త తియ్." సంచిలోంచి ఒక పాత లైటు తీసి గీత మీద వేశాడు. "ఇది పాత ఎల్‌ఈడీ. పక్కలకు సుత వెలుగు చల్లుతది. దాని చుట్టున్న ఈ మెరిసే గిన్నె దానికోసం చేసిందే."

బల్ల మీది కొత్త లైటు తీసి వేశాడు. గోడ తెల్లగా భగ్గుమంది.

"నీది రెట్టింపు వెలుగు. బ్యాటరీ సుత ఆదా. ఒప్పుకుంటా. గానీ ఇది ముందుకే ఉరుకుతది. పాత గిన్నెల కూసోబెడితివి, నడుమ చుట్టూ నల్ల సున్న పడ్డది. గీత ఏది?"

గీత మాయమైంది. అది కళ్లారా చూసినందుకే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

"చక్రంల బీట గా నల్ల సున్నల పడ్డదనుకో. పెట్టె కింద దూరినోనికి కానొస్తదా?"

"ఓహో, పర్వతాలు పంపాడా నిన్ను? ఆర్డరు పోయిందని కడుపుమంటా?"

ముసలాయన సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"కొత్తదానికి సరిపోయే గిన్నెలు. సరిగ్గ అరవై. నేను సుత ముందుగాల గిదే తప్పు చేసిన. ఇంకా టైముంది, మార్చుకో."

"నా లైట్లు చెడగొట్టడానికి సరుకు కూడా మోసుకొచ్చావా! నువ్వూ నీ పర్వతాలూ ఏట్లో దూకండి!"

పొట్లం వీధిలో పడింది. గిన్నెలు దొర్లాయి. నీళ్ల ట్యాంకరు ఒకటి వాటిమీదుగా తాపీగా వెళ్లిపోయింది.

"గోడ తుడవాల్నా?"

"పోతావా, చెప్పు తియ్యనా?"

ఆయన పోయాడు.

మధ్యాహ్నం షెడ్డులో, సరుకు పరీక్షించే లీలాకుమారి మేడం చక్రం మీద లైటు వేసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"వెలుతురు బ్రహ్మాండం కాంతమణిగారూ. నడుమ చుట్టూ ఈ నల్ల సున్న ఏంటి? ఇందులో బీట దాక్కుంటే రైలెక్కినవాళ్ల గతి?"

"గిన్నెలు మార్చి రేపు తెస్తాను మేడం."

"గడువు ఇవాళ్టితో సరి. సారీ అండి."

అప్పుడైనా కోపం తన మీదికి మళ్లాలి కదా! మళ్లితే మనిషెలా అవుతుంది? పర్వతాలు మీదికి పోయింది. నల్ల సున్న సంగతి ముందే తెలిసిందంటే వాడే మేడం చెవిలో ఊదాడు! ఆటో ఎక్కి తిన్నగా రాణీగంజ్‌లో దిగింది.

"ఏడీ మీ పర్వతాలు? రమ్మను బయటికి! ఆడదాని నోటికాడ కూడు పడగొట్టాడు!"

గుమ్మంలో అట్టపెట్టెలు కడుతున్న అమ్మాయి బిత్తరపోయింది.

"ఏందక్కా గీ లొల్లి? నాయినా, నీకోసం ఎవరో వచ్చిండ్రు!"

లోపల నుంచి ముతక చొక్కా దులుపుకుంటూ వచ్చిన పొద్దుటి ముసలాయన, ఆమెను చూసి ఆత్రంగా రెండడుగులు ముందుకేశాడు.

"నేనేనమ్మా పర్వతాల్ని. లైట్లు పాసైనయా?"